సున్నం మేస్త్రీ గాజుముక్కలు

మా ఆయన అబద్ధమాడటం మొదలుపెట్టింది అరవై రెండో ఏట. చిన్నప్పటి నుంచీ అలవాటు లేని విద్య కాబట్టి అది ఆయనకు బొత్తిగా ఒంటబట్టలేదు.

"పొద్దున్నే ఎక్కడికయ్యా?" అని అడిగితే మొదటి రోజు "ఊరికే, రాతిగుడి దాకా" అన్నాడు. మర్నాడు "చర్చి దాకా" అన్నాడు. ఆ మర్నాడు "వంతెన పక్క మసీదు దాకా". నాలుగో రోజు "గుమ్మటం మందిరం దాకా". ముసలితనంలో మనిషికి భక్తి పుడితే పుట్టవచ్చు, కాదనను. కానీ ఒక్క వారంలో ఊళ్ళో ఉన్న మతాలన్నిటి మీదా వరసపెట్టి భక్తి పుట్టడం నేనెక్కడా వినలేదు. పైగా వెళ్ళినవాడు వెళ్ళినట్టు రాడు. కుడి మోచేతికి తెల్లటి దుమ్ము, మోకాళ్ళకు మట్టి, జుట్టులో బూజు. దేవుణ్ణి చూడటానికి వెళ్ళిన మనిషి మంచం కింద దూరినవాడిలా తిరిగొస్తే అనుమానం రాదా మరి?

ఆయన సంగతి కొంచెం చెప్పాలి. ఊళ్ళో అందరూ సున్నం మేస్త్రీ అంటారు. పాత కట్టడాలకు సున్నం పని చేసేవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. సున్నం పాకానికి వచ్చిందో లేదో చూపుడువేలి మీద కొంచెం తీసుకుని నాలుకకు తగిలించి చెప్పేవాడు. నోట్లో నాలుక లేనివాడని మా అమ్మ అనేది. ఆ ఉన్న నాలుక కూడా సున్నానికే పనికొచ్చిందని నేననేదాన్ని. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నా మొహం చూడలేదు, మా వసారా గోడ చూశాడు. "తడి పైకెక్కుతోందండీ, కింద రెండడుగులు గీకించండి" అని మా నాన్నతో చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా అంతే. వాళ్ళ క్షేమసమాచారాలు నేను అడగాలి, ఆయన గోడల క్షేమసమాచారాలు చూసుకుంటాడు.

రెండేళ్ళ కిందట మోకాళ్ళు మొండికేశాయి. పరంజా ఎక్కడం మానేశాడు. ముందు గదిలో నేను కుట్టుమిషను మీద స్కూలు పిల్లల యూనిఫాంలు కుడుతుంటే ఆయన కిటికీ పక్కన కూర్చుని గుండీలు వరస పెట్టి ఇచ్చేవాడు. అలా ఉన్న మనిషి, తనకు పని నేర్పిన పెద్దమేస్త్రీకి జబ్బుగా ఉందని కబురొస్తే చూడటానికి వెళ్ళాడు. వెళ్ళిన మూడో రోజుకి ఆ ముసలాయన పోయాడు. మా ఆయన తిరిగొచ్చి రెండు రోజులు కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. మూడో రోజు పొద్దున స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, గుడ్డసంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. అప్పటి నుంచి మొదలయ్యాయి ఈ యాత్రలు.

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. అడిగేశాను. "ఆ సంచిలో ఏముంది?"

"ఏముంటుంది? ఏం లేదు."

"ఏం లేని సంచిని గుండెలకు హత్తుకుని మోస్తున్నావేం?"

నీళ్ళు నమిలాడు. సంచి రెండో భుజానికి మార్చుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆయన స్నానాల గదిలోకి వెళ్ళగానే సంచి విప్పాను. తప్పే, కాదనను. ముప్ఫై మూడేళ్ళ కాపురంలో ఆయన జేబు వెతకాల్సిన అవసరం రాలేదు నాకు. లోపల న్యూస్‌పేపరులో చుట్టిన గాజుముక్కలు, ఒక్కొక్కటి వేలెడంత పొడవు, కాగితమంత పలచన. ఒక భూతద్దం. చిన్న డబ్బాలో తెల్లటి పొడి. ఒక నోటుబుక్కు. అందులో తారీకులు, ఒక్కో తారీకు పక్కన ఒకే మాట. "అలాగే ఉంది." "అలాగే ఉంది." "అలాగే ఉంది." నలభై రోజులుగా.

ఎవరు అలాగే ఉన్నది? ఎలా ఉంది? నా కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

నాకో చెల్లెలుంది, పక్క వీధిలోనే. మందుల దుకాణంలో పదేళ్ళుగా పనిచేస్తోంది కాబట్టి లోకంలో ప్రతి పొడీ తనకు తెలుసనుకుంటుంది. చిటికెడు పొడి కాగితంలో చుట్టి దాని దగ్గరకు తీసుకెళ్ళాను, నోటుబుక్కు సంగతీ చెప్పాను. వాసన చూసింది, వెలుతురులో పట్టి చూసింది.

"అక్కా, ఇది మా దుకాణంలో దొరికేది కాదు" అంది గొంతు తగ్గించి. "బావకి ఎవరో మందు పెడుతున్నారు. లేకపోతే బావే ఎవరికో పెడుతున్నాడు."

"పెట్టడానికి ఆయనకెవరున్నారే?"

"నోటుబుక్కులో రాసుకున్నాడుగా, ఆవిడ అలాగే ఉందని."

దాన్ని రెండు తిట్టి ఇంటికొచ్చాను కానీ మనసు మనసులో లేదు. పొడిని చెంచాలో వేసి రెండు చుక్కల నీళ్ళు కలిపి చూశాను. కరుగుతుందేమో అనుకుంటే, నేను స్టవ్వు మీంచి పాలు దించి వచ్చేలోగా చెంచాలోనే రాయి అయి కూర్చుంది. ఎంత గీకినా రాలేదు. ఆ చెంచాను బీరువాలో చీరల కింద దాచాను. దొంగతనం ఎవరిదో, దాచిపెట్టడం ఎవరి వంతయిందో చూడండి.

అసలు పిడుగు మరుసటి రోజు పడింది. చర్చిలో రెండు వందల ఏళ్ళ నాటి వెండి పళ్ళెం కనిపించడం లేదని వీధిలో చెప్పుకున్నారు. పాత గుళ్ళూ చర్చిలూ తిరిగి సామాన్లు కాజేసే ముఠా దిగిందట. ముందు మనిషిని పంపించి, ఏ కిటికీ ఎటు ఉందో, ఏ తలుపు ఎప్పుడు తీస్తారో రోజూ రాయించుకుంటారట. రోజూ రాయించుకుంటారు అనేసరికి నా చేతిలో కత్తెర కింద పడింది. మా ఆయనకు ఆ నాలుగు చోట్లా ప్రతి మెట్టూ, ప్రతి దొంగదారీ తెలుసు. ఎవడో మాయమాటలు చెప్పి ఈ అమాయకుణ్ణి వాడుకుంటున్నాడా? చేతికి బేడీలు వేసి మా వీధిలోంచే తీసుకెళతారా? ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మొహంలోకి చూశాను. ఏమీ దొరకలేదు.

ప్రతి గురువారం ఒక గైడు సందర్శకులను వెంటబెట్టుకుని ఆ నాలుగు పాత మందిరాలూ చూపిస్తాడు. చెల్లెలు సెలవు పెట్టింది. దాని శాలువా నా నెత్తిన కప్పింది. గుంపులో కలిసిపోయాం. ఊళ్ళో ముప్ఫై మూడేళ్ళుగా ఉంటున్నానన్న మాటే గానీ, పని మానేసి ఇవన్నీ తీరిగ్గా చూడటం అదే మొదలు. మొగుడి మీద నిఘా వేయడానికి వెళ్ళి చూశాను, అదీ నా రాత.

రాతిగుడిలో మెట్లు మధ్యలో అరిగి గిన్నెల్లా ఉన్నాయి. అందరూ పైకప్పు మీద చెక్కిన పద్మాన్ని తలెత్తి చూస్తుంటే నేను స్తంభాల వెనక వెతికాను. మూలన, మనిషి మోకాలెత్తులో గోడ మీద సన్నటి పగులు. దానికి అడ్డంగా గాజుముక్క, రెండు కొసలా తెల్లటి ముద్దతో అంటించి ఉంది. పక్కన పెన్సిలుతో తారీకు. తొమ్మిది అంకె తోక కిందికి జారిపోయి ఉంది. ఆ తొమ్మిది నాకు తెలుసు. నా కొలతల పుస్తకంలో ఆయన రాసిపెట్టే తొమ్మిది అదే.

"అదేమిటండీ?" అని చెల్లెలు గైడును అడిగింది. దానికి నోరు ఊరుకోదు.

గైడు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "శాస్త్రవేత్తలు అమర్చిన పరికరమమ్మా. పైనుంచి వచ్చారు. భూమి లోపల కంపనాలు కొలుస్తుంది."

గుంపంతా వంగి ఆ పరికరాన్ని ఫొటోలు తీసుకుంది. శాస్త్రవేత్త ఇంట్లో గుండీలు వరస పెడతాడని నేను చెప్పలేదు.

చర్చిలో గంట దగ్గరకు వెళ్ళే మెలికల మెట్ల పక్కన ఒకటి. మసీదులో కాళ్ళు కడుక్కునే తొట్టి పైనున్న కమాను మీద ఒకటి. రెండూ పగలకుండా ఉన్నాయి. చర్చిలో వెండి పళ్ళెం సంగతి ఎవరో అడిగితే గైడు నవ్వేశాడు. "దొరికిందండీ. మెరుగు పెట్టించడానికి పంపి, పంపిన సంగతి మరిచిపోయారు." నాకు అక్కడే బల్ల మీద కూలబడాలనిపించింది. దొంగతనం కాదు, అంతవరకు బతికాం. మరి ఏమిటి? దొంగ కాని మనిషి దొంగచాటుగా ఎందుకు తిరుగుతాడు?

నాలుగోది గుమ్మటం మందిరం. నాలుగింటిలో పెద్దది, ఇప్పటికీ వారం వారం జనంతో నిండేది కూడా అదే. నాలుగు వందల మంది ఆ గుమ్మటం కింద చాపల మీద కూర్చుంటారు. పైన గుమ్మటం మొదట్లో చుట్టూ సన్నటి నడవ ఉంటుంది, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవాలి. గైడు మధ్యలో నిలబడి చేయి పైకెత్తాడు.

"ముప్ఫై ఏళ్ళ కిందట ఈ గుమ్మటం పగిలింది. దింపేయాలన్నారు. అప్పుడు మన ఊరి మేస్త్రీ ఒకాయన, ముసురు వానల్లో, పది రోజుల్లో దీన్ని నిలబెట్టాడు. వెంట్రుక వాసి కదల్లేదు ఇప్పటిదాకా."

నా వెన్ను నిటారైంది. అది మా ఆయనే. శాలువా తీసేసి అందరికీ చెప్పాలనిపించింది. సరిగ్గా అప్పుడే పై నడవలో కాపలాదారు అరుపు వినిపించింది. "ఎవరది? దొరికావు ఇవాళ."

తలెత్తి చూశాను. మా ఆయన మోకాళ్ళ మీద ఉన్నాడు. కంటికి భూతద్దం. కాపలాదారు ఆయన చొక్కా పట్టుకుని లేపుతున్నాడు. మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. "వదులయ్యా ఆయన్ని. మా ఆయన" అంటూనే ఉన్నాను. కాపలాదారు వదిలాడు. మా ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. అరచేయి తెరిచాడు. గాజుముక్క రెండుగా ఉంది.

"పగిలింది" అన్నాడు. "నిన్న అలాగే ఉంది. ఇవాళ పగిలింది."

"పగిలితే ఏమవుతుంది? ఇంకోటి అంటించు."

"గోడ కదిలితేనే ఇది పగులుతుంది. అందుకే పెట్టాను." ముక్కలు గుప్పిట్లో మూశాడు. "కూర్చో. చెబుతాను."

ఆ నడవలోనే, గోడకు వీపు ఆనించి చెప్పాడు. కాపలాదారు కూడా పక్కనే కూర్చుని విన్నాడు. ఆ ఏడు పెద్దమేస్త్రీ జ్వరంతో పడుకుని పని ఈయన మీద పెట్టాడట. పది రోజుల్లో కావాలన్నారట. ఆ ముసురులో సున్నం నెల రోజులకు కూడా బిగిసేది కాదు. పగులు నిండా సిమెంటు కూరి, పైన సున్నం పూత వేసి మూసేశాడు. చూసినవాళ్ళు అద్భుతమన్నారు. ఆ పేరుతో మిగతా మూడు చోట్ల నుంచి పిలుపులు వచ్చాయి. అక్కడా చిన్న చిన్న పగుళ్ళకు అదే చేశాడు.

"సున్నం గోడ తడి పీల్చి మళ్ళీ వదులుతుంది. సిమెంటు వదలనివ్వదు. తడి లోపలే ఉండిపోయి ఇటుక పిండి అయిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. పెద్దమేస్త్రీకి తెలుసు. పోయే ముందు నా చేయి పట్టుకుని, 'నువ్వు అక్కడేం కూరావో నాకు తెలుసురా. నేను ఎవరికీ చెప్పలేదు. వెళ్ళి చూసుకో' అన్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నలభై రోజులు. నలభై రోజులు నేను చస్తూ బతికాను. నాకెందుకు చెప్పలేదయ్యా?"

ఆయన నేల చూశాడు. "ఆ సిమెంటు మూటలు మోసింది నువ్వే. సున్నం బస్తాల మధ్య పెట్టి నీచేత తెప్పించాను. నీకు తెలియదు."

అప్పుడు గుర్తొచ్చింది. కుట్టుపని నేర్చుకోక ముందు రోజులు, ఆయనతో పాటు నేనూ పనికి వెళ్ళేదాన్ని. నెత్తి మీద మూట, వానకు తడవకుండా పైన గోనెపట్టా. ఇంటికెళ్ళి తల దులుపుకుంటే తెల్లగా రాలాల్సింది బూడిదరంగులో రాలేది. అడిగితే "కొత్తరకం సున్నం" అన్నాడు. అంటే ఈ అబద్ధాల విద్య అరవై రెండో ఏట మొదలైంది కాదన్నమాట. ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ భయమేసింది. కింద గైడు గుంపును గుమ్మటం కిందే నిలబెట్టి ఇంకా చెబుతూనే ఉన్నాడు.

"రేపు వారపు ప్రార్థన" అన్నాడు కాపలాదారు మెల్లగా.

మందిరం కమిటీ పెద్దాయన గది వెనక వైపు ఉంది. ఆయన బల్ల మీద కాగితాలు పక్కకు జరిపి మా ఆయన్ని ఆప్యాయంగా కూర్చోమన్నాడు. అంతా విన్నాడు. వింటున్నకొద్దీ ఆ ఆప్యాయత తగ్గుతూ వచ్చింది.

"మేస్త్రీ, నీ చేతి పని గురించి నేను నలుగురికీ చెప్పుకుంటాను. నీ పని పాడైందని నువ్వే అంటావేమిటి?"

"నిజమండి. రేపు ఇక్కడ ఎవర్నీ కూర్చోనివ్వకండి."

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నిన్ను ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదండి."

"మాలో కొందరికి ఇది పడగొట్టి కొత్త హాలు కట్టాలని ఉంది. నాకు తెలియదనుకోకు. నలభై రోజులుగా ఎవరో ఇక్కడ చాటుమాటుగా తిరుగుతున్నారని మా కాపలాదారు చెబుతూనే ఉన్నాడు. అది నువ్వేనన్నమాట."

మా ఆయన గాజుముక్కలు బల్ల మీద పెట్టాడు. పెద్దాయన వాటిని ముట్టుకోలేదు. "గాజును ఎవరైనా విరగ్గొట్టవచ్చు" అన్నాడు. ఉలి ఇస్తే పైపూత రాల్చి లోపలేముందో చూపిస్తానన్నాడు మా ఆయన. "ఉలి నీ చేతికిస్తే, దాంతో నువ్వే పగలగొట్టి అదిగో పగులు అంటావు." సంచిలోని పొడి గాజు అంటించే ప్లాస్టరని చూపిస్తే ఇంకా చెడ్డగా చూశాడు. ఆ చూపు నేను గుర్తుపట్టాను. నలభై రోజులుగా నేను మా ఆయన్ని చూసిన చూపే అది. ఆయన ఏం చెప్పినా అది వంకరగానే కనిపిస్తుంది. చెప్పకపోయినా వంకరే.

మా ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తన దగ్గరున్న నాలుగు మాటలూ చెప్పేశాడు.

"ఆ సిమెంటు మూటలు మోసింది నేనండి" అన్నాను.

పెద్దాయన నావైపు తిరిగాడు. "నువ్వెవరమ్మా?"

"ఈయన భార్యని. పదకొండు మూటలు. వెనక గుమ్మంలోంచి తెచ్చాను, అప్పట్లో అక్కడ చెక్క నిచ్చెన ఉండేది. సున్నం అని చెప్పి మోయించాడు. ఇంటికెళ్ళి తల దులిపితే బూడిదరంగు రాలేది. నన్నూ మోసం చేశాడు, మిమ్మల్నీ మోసం చేశాడు."

"నువ్వు ఆయన భార్యవు. ఆయన ఏం చెప్పమంటే అది చెబుతావు."

అంతే, నాకు ఒంటి మీద తెలివి లేకుండా పోయింది. లేచి నిలబడ్డాను. "ఏమండీ, ఈయన మంచివాడని చెప్పడానికి వచ్చానా నేను? అదైతే మీరు నమ్మకపోవచ్చు. మోసగాడని చెబుతున్నాను. కట్టుకున్న మొగుడు మోసగాడని నమ్మండి మహాప్రభో అని ఏ పెళ్ళామైనా పరాయి మనిషి కాళ్ళావేళ్ళా పడుతుందా? ఈ ఊళ్ళో ఈయనకు ఉన్నది ఆ పేరొక్కటే. దాన్ని తెచ్చి మీ బల్ల మీద పెట్టాం. మీకింకా ఏం కావాలి?"

పెద్దాయన గాజుముక్కలను ఒకసారి, మా ఆయన మొహాన్ని ఒకసారి చూశాడు. తర్వాత తలుపు దగ్గరున్న కాపలాదారుతో అన్నాడు.

"లోపలున్న వాళ్ళని బయటకు పంపించు. పెద్ద తలుపులు మూసెయ్. రేపు ప్రార్థన ఆవరణలో."

వారం తిరక్కుండా ఇంజనీరు వచ్చి పైపూత తీయించాడు. లోపల ఇటుకలు వేలు పెడితే పిండిలా రాలాయట. ఇంకో వానాకాలం ఆగేది కాదన్నాడు. గుమ్మటానికి కింద నుంచి దుంగలు ఆనించారు. మిగతా మూడు చోట్లా సిమెంటు తవ్వి తీయిస్తున్నారు. సున్నం పని తెలిసినవాళ్ళను వేరే ఊరి నుంచి పిలిపించారు. మా ఆయన్ని ఎవరూ పిలవలేదు. గైడు కూడా ఇప్పుడు ఆ మేస్త్రీ కథ చెప్పడం లేదని చెల్లెలు కనుక్కుని వచ్చింది. ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆ గురువారం మాత్రం, మేం ఆవరణ దాటి వీధిలోకి వచ్చేసరికి వెనక పెద్ద తలుపులు మూస్తున్న చప్పుడు వినిపించింది. చెల్లెలు ముందు నడుస్తోంది, ఎప్పుడూ లేనిది నోరు మూసుకుని. మా ఆయన వీధి మలుపులో ఆగాడు.

"మోసగాడన్నావు" అన్నాడు.

"అన్నాను."

"నలుగురి ముందూ."

"ఇంకోసారి అడిగితే ఇంకోసారి అంటాను." సంచి ఆయన భుజం మీంచి తీసి నా భుజాన వేసుకున్నాను. "చేయి పట్టుకుని నడువు. ఇక్కడ రోడ్డు బాగాలేదు."